గ్లాసులో నీళ్లు పాలలా మారితే బిడ్డకు గాలి సోకినట్టేనా?

ప్రశ్న: అమ్మా, మాది వింజమూరు దగ్గర పల్లె. నాకు రెండున్నర నెలల పాప, తొలి కాన్పు. సాయంత్రం ఆరైతే చాలు, పాప గుక్క పట్టి ఏడుస్తుంది. తొమ్మిది దాకా ఊరుకోదు. తర్వాత మామూలుగా పాలు తాగి పడుకుంటుంది. బరువు బాగానే పెరుగుతోందని టీకాకు పోయినప్పుడు చెప్పారు. పుట్టినప్పటి నుంచి తలంటు పోసిన రోజు మా అత్తమ్మ సాంబ్రాణి పొగ వేస్తున్నారు. ఇప్పుడు ఉదయగిరి వైపు నుంచి ఒక కొండసామిని పిలిపించారు. ఆయన గ్లాసుతో నీళ్లు తెమ్మని, తన సీసాలోంచి నాలుగు చుక్కలు వేస్తే నీళ్లు పాలలాగా తెల్లగా అయిపోయాయి. ‘బిడ్డకు గాలి సోకింది, అది తల్లి పాలల్లోకి కూడా దిగింది’ అన్నాడు. నిప్పుల మీద ఏదో పొడి చల్లితే భగ్గున మంట లేచింది. పెంచలకోన అడవిలో తప్ప ఎక్కడా దొరకదంటూ ఒక సాంబ్రాణి ముద్ద ఇచ్చాడు. మూడు వేలు అడిగాడు. వెయ్యి ఇచ్చాం, మిగతాది నలభై ఒక్క రోజులయ్యాక ఇవ్వాలి. రోజూ సంధ్యవేళ తలుపులు మూసి పాపకు పొగ పట్టాలట. బియ్యపు గింజంత ముద్ద నూరి నా పాలలో కలిపి నాకించాలట. అత్తమ్మ మంచిదే, పాపంటే ప్రాణం. మావారు ఇద్దరి మధ్య నలిగిపోతున్నారు. పొగలో పాప దగ్గుతుంటే నాకు టెన్షన్‌గా ఉంది. మామయ్య మోకాళ్ల నొప్పులకు కూడా ఆయన గుగ్గులు మాత్రలు ఇచ్చాడు. మామయ్యకు బీపీ ఉంది, మాత్రలు వాడతారు. ఏం చేయమంటారు? ఆ ముద్ద అసలైనదేనా?
— ఒక కోడలు

సమాధానం:

అమ్మాయీ, నాకించడం మాత్రం ఈ పూటే ఆపెయ్యి. మిగతా విషయాలు నిదానంగా మాట్లాడుకుందాం, ఇది మాత్రం ఆగదు. ఆరు నెలల దాకా బిడ్డకు తల్లి పాలు తప్ప ఏమీ అక్కర్లేదు, మంచినీళ్లు కూడా. సాంబ్రాణి నీళ్లలో గానీ పాలలో గానీ కరగదు. ఎంత మెత్తగా నూరినా పలుకులుగానే ఉంటుంది, తడి తగిలితే జిగురుగా అంటుకుంటుంది. ఏడుస్తున్న బిడ్డ నోట్లో అలాంటిది పెడితే గొంతులోకి బదులు ఊపిరి గొట్టంలోకి పోవచ్చు. పైగా ఆ ముద్దలో ఏమేం కలిపారో ఇచ్చినవాడికే తెలియాలి. ఇప్పటికే ఒకటి రెండుసార్లు నాకించి ఉంటే, పాప మామూలుగా ఉన్నంతవరకు కంగారు పడొద్దు. కానీ వాంతులో, ఆగని దగ్గో, ఆయాసమో కనిపిస్తే ముద్ద కూడా చేతిలో పట్టుకుని ఆస్పత్రికి పో. వస కొమ్ము అరగదీసి నాకించడం మన వైపు ఇంకా ఉంది, అదీ వద్దు.

రెండోది పొగ. పెద్దవాళ్లం నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. ఈ వయసు బిడ్డ ముప్ఫై, నలభై సార్లు తీస్తుంది. అంటే అదే గదిలో అదే పొగలో, తన ఒంటి కొలతకు మనకంటే ఎక్కువ పొగ మింగుతుంది. దాని ఊపిరి గొట్టాలు సన్నం, కొంచెం వాచినా మూసుకుపోతాయి. తలుపులు మూసి బొగ్గుల మీద పొగ వేస్తే సాంబ్రాణి కంటే పెద్ద ప్రమాదం బొగ్గులే. కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, అందులోనూ సాంబ్రాణి ఘుమఘుమలో అసలు తెలియదు. పాప దగ్గుతోందని నువ్వే రాశావు కదా. మాటలు రాని బిడ్డ అంతకంటే ఎలా చెబుతుంది?

పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. రెండు నెలలు దాటిన బిడ్డకు నిమిషానికి 50 లేదా అంతకు మించి ఉంటే, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే, పాలు పట్టడం మానేస్తే, ఒళ్లు 100.4 డిగ్రీలు దాటితే, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యి. ఇవేవీ లేకుండా సాయంత్రం మాత్రమే ఏడ్చి, తర్వాత హాయిగా పాలు తాగి పడుకునే బిడ్డ గురించి ఇంకో మాట ఉంది, దానికి వస్తాను.

ముందు ఆ గ్లాసు సంగతి తేలుద్దాం. సగం జీవితం మందుల అంగడి బల్ల వెనకాల గడిపినదాన్ని కాబట్టి ఈ సంగతి చదివితే నవ్వొచ్చింది. మీ ఊళ్లో కాకపోతే వింజమూరులో ఏ మందుల షాపులోనైనా టించర్ బెంజాయిన్ అడుగు. ఎర్రగా, గోధుమ రంగులో ఉండే చిన్న సీసా ఇస్తారు. గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి అందులో నాలుగు చుక్కలు వెయ్యి. నీళ్లు పాలలా అయిపోతాయి. ఎవరికీ గాలి సోకక్కర్లేదు, మంత్రం చదవక్కర్లేదు. టించర్ బెంజాయిన్ అంటే స్పిరిట్‌లో కరిగించిన సాంబ్రాణి. స్పిరిట్‌లో కరిగి ఉన్న బంక నీళ్లు తగలగానే కరిగి ఉండలేక కంటికి ఆనని చిన్న బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువుల మీద వెలుతురు పడి చెదిరితే మనకు తెలుపు కనిపిస్తుంది. నేల తుడిచే బకెట్లో ఫినాయిల్ పోసినప్పుడు నీళ్లు తెల్లబడవూ, అలాగే. ఒకప్పుడు యూరప్‌లో ఆడవాళ్లు ఈ తెల్లనీళ్లతోనే ముఖం కడుక్కునేవాళ్లు, నిగారింపు వస్తుందని.

ఇది నువ్వు ఒక్కదానివే చేసి చూడొద్దు. అత్తమ్మ చేతే చుక్కలు వేయించు. నువ్వు చేసి చూపిస్తే ‘కోడలు నన్ను ఓడించడానికి చేసింది’ అనిపిస్తుంది, ఆమె చేతిలోనే నీళ్లు తెల్లబడితే ఆమే నవ్వుతుంది. అయ్యాక ఆ నీళ్లు పారబోయండి. సీసా పిల్లలకు అందకుండా, పొయ్యికి దూరంగా పెట్టండి. స్పిరిట్ కదా, ఇట్టే అంటుకుంటుంది.

భగ్గున లేచిన మంట ఇంకా పాత విద్య. వీధినాటకాలు కాగడాల వెలుతురులో ఆడే రోజుల్లో రాక్షస వేషం రంగంలోకి దూకేటప్పుడు పక్కన ఒకడు గుప్పెడు గుగ్గిలం పొడి కాగడా మీదికి విసిరేవాడు. మంట ఆకాశానికి లేచేది, ముందు వరుసలో పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. గుగ్గిలం గడ్డగా ఉంటే పైపైన మెల్లగా కాలుతుంది. పొడి చేసి గాలిలోకి చల్లితే ప్రతి రేణువుకూ చుట్టూ గాలి అందుతుంది, అన్నీ ఒకేసారి అంటుకుంటాయి. ఆ వేషగాడు టిక్కెట్టు డబ్బులు తీసుకుని ఆట చూపించాడు, మీ కొండసామి బిడ్డ ఏడుపు మీద చూపించాడు, అంతే తేడా. అది చేసింది మీ ఇంట్లో, పసిబిడ్డ పక్కలో అని తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది. గుడ్డ ఊయలకు నిప్పురవ్వ తగిలితే ఏమయ్యేది?

ఇక నలభై ఒక్క రోజుల లెక్క. అందులోనే ఉంది అసలు తెలివి. చిన్న బిడ్డలు సాయంత్రాల్లో కారణం లేకుండా గుక్క పట్టి ఏడవడం పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై, ఒకటిన్నర రెండు నెలల దగ్గర బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గిపోతుంది. డాక్టర్లు దీన్ని కోలిక్ అంటారు. రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి ఏడవడం దీనికి పాత కొలమానం. మీ పాప సరిగ్గా ఆ దారిలోనే ఉంది. ఇప్పుడు రెండున్నర నెలలు. దానికి నలభై ఒక్క రోజులు కలుపు. నాలుగు నెలలకు దగ్గరవుతుంది. అంటే పొగ వేసినా, వేయకపోయినా, నువ్వు కాశీకి పోయొచ్చినా, ఏడుపు తగ్గే రోజుకు సామి తన మిగతా డబ్బు కోసం మీ గుమ్మంలో ఉంటాడు. ‘చూశారా’ అంటాడు. ఊరంతా ఆయన పేరు చెప్పుకుంటారు. ఇలాంటి పేర్లు చాలావరకు కాలం చేసిన వైద్యం మీద కట్టినవే.

ఈలోపు ఏడుపుకు చేయగలిగింది కొంత ఉంది. పాలిచ్చాక భుజం మీద వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, సాయంత్రం ఇంట్లో టీవీ గోల, చుట్టాల రద్దీ తగ్గించడం, చంకన వేసుకుని వాకిట్లో తిరగడం. నీకు ఓపిక అయిపోతే బిడ్డను అత్తమ్మకో మీ ఆయనకో ఇచ్చి పది నిమిషాలు బయట కూర్చో. ఎంత విసుగు వచ్చినా బిడ్డను గట్టిగా ఊపొద్దు. 14వ వారం టీకాకు పోయినప్పుడు ఒకసారి డాక్టరుతో ఈ ఏడుపు గురించి చెప్పు, ఆయనా ఒళ్లంతా చూస్తారు.

ఇంత చెప్పాక సాంబ్రాణి అంతా బూటకమని నేనంటున్నానని అనుకోవద్దు. ఈ బంకలంటే నాకు గౌరవం ఉంది. కాకపోతే ఏ బంక ఏదో తెలియాలి, ఎందుకంటే మన అంగళ్లలో అన్నీ ఒకే డబ్బాలోకి పోతున్నాయి.

సాంబ్రాణి అని మనం కొనేది స్టైరాక్స్ అనే చెట్టు బంక. ఆ చెట్టు సుమత్రాలో ఉంది, లావోస్, వియత్నాంలలో ఉంది. మన వెలిగొండల్లో లేదు. బెరడు మీద గాటు పెడితే కారుతుంది, వారాల తరబడి గట్టిపడ్డాక గీకి తీస్తారు. చెట్టు ఊరికే కార్చదు. గాయమైతేనే కారుస్తుంది, ఆ గాయానికి క్రిములు పట్టకుండా మూసుకోవడానికి. అంటే చెట్టు తనకు తాను చేసుకునే కట్టు అది. అందులో బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది. దానికి బూజును ఆపే గుణం ఉంది. ఆ ఆమ్లాన్ని మనుషులు మొదట రాబట్టింది ఈ సాంబ్రాణి నుంచే. తామరకు వాడే విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్‌లో 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉంటాయి. సీసాల్లో అమ్మే సాస్‌లు, పచ్చళ్ల మీద సోడియం బెంజోయేట్ అని సన్న అక్షరాల్లో ఉంటుంది చూడు, అదీ ఈ కుటుంబమే. ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తారనుకో.

టించర్ బెంజాయిన్‌ను ఆస్పత్రుల్లో ఇప్పటికీ వాడతారు. గాయం చుట్టూ చర్మానికి రాసి ప్లాస్టర్ వేస్తే ఊడిపోకుండా పట్టుకుంటుంది. పెద్దవాళ్లు పడిశానికి వేణ్నీళ్లలో ఒక చెంచా వేసి ఆవిరి పట్టడం మన నాయనల కాలం నుంచి ఉంది. అందులో మేలు ఎక్కువగా ఆవిరిదే, సాంబ్రాణి గొంతుకు హాయిగా ఉంటుంది. కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, కాబట్టి ముందు మోచేతి మడత మీద ఒక చుక్క రాసి చూసుకోవాలి. చనుమొనలు పగిలితే ఇది రాయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వద్దను, అది బిడ్డ నోట్లోకే పోతుంది. పాలిచ్చాక నీ పాలే రెండు చుక్కలు రాసి ఆరనిచ్చుకుంటే చాలు.

గుగ్గిలం వేరు. జాలారి జాతి చెట్ల నుంచి వచ్చేది. అందులో ఒక రకం వెలిగొండల్లో, శేషాచలంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పెద్దగా లేదు, అంతరించిపోయే జాబితాలో ఉంది. పసుపుగా, గాజు పలుకులా ఉంటుంది. ధూపానికే కాదు, నూనెలో కాచి పడవల అతుకుల్లో నీళ్లు దూరకుండా పూయడానికీ వాడేవాళ్లు. ఇక కొండ సాంబ్రాణి అని మన అడవి పల్లెల్లో పిలిచేది ఇంకో చెట్టు, అందుగు చెట్టుకు దాయాది. తిరుమల కొండల దగ్గర నుంచి దాన్ని గుర్తించి 1961లో వృక్షశాస్త్రవేత్తలు కొత్త జాతిగా నమోదు చేశారు. అరబ్బు దేశాల ధూపం చెట్టుకూ దానికీ చుట్టరికం. ఏసు పుట్టినప్పుడు జ్ఞానులు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళంలో ఆ సాంబ్రాణి ఈ వంశానిదే. బోళం బాలింత మందుగా మన ఇళ్లకూ వచ్చింది, ఇప్పుడు నీకు పెడుతుంటే డాక్టరుకు చెప్పి తిను.

మీ సామి ఇచ్చిన ముద్ద నిజంగా పెంచలకోన అడవిదే అయితే అదీ చిక్కే. ఆ చుట్టుపక్కల అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం. అక్కడ అనుమతి లేకుండా చెట్టుకు గాటు పెట్టి బంక తీయకూడదు. కాబట్టి అయితే అది దొంగ సరుకు, కాకపోతే నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట అంగళ్లలో కాగితం పొట్లాల్లో అమ్మే సరుకు. నా పందెం రెండో దాని మీదే.

పగలగొట్టి చూడు. సాంబ్రాణి అయితే లోపల ఎర్రగోధుమ రంగు ముద్దలో బాదంపప్పుల్లాంటి తెల్లటి పలుకులు కనిపిస్తాయి, గోళ్లతో నలిపితే ఐస్‌క్రీమ్‌లో వచ్చే వెనిలా వాసన వస్తుంది. గుగ్గిలం అయితే గాజులా పగులుతుంది. టర్పెంటైన్ కంపు కొట్టి, కాలిస్తే నల్లటి మసి వదిలితే అది పైన్ చెట్టు బంక, రంగులు వార్నిష్‌ల వాళ్లు వాడేది. ‘కంప్యూటర్ సాంబ్రాణి’ అని కప్పుల్లో, కడ్డీల్లో వచ్చేదాంట్లో సాంబ్రాణి కంటే బొగ్గుపొడే ఎక్కువ, కాలడానికి సుఖం అంతే.

పాతవాళ్లు వీటిని దయ్యాలకు ఎందుకు వాడారనేది నువ్వు అడగలేదు కానీ, అత్తమ్మతో మాట్లాడాలంటే అది తెలియాలి. గుగ్గులు (ఇది గుగ్గిలం కాదు, వేరే బంక, దాని సంగతి కింద చెబుతాను) వాసన తగిలినవాడిని యక్ష్మ, అంటే క్షయ లాంటి రోగం, అంటదని అథర్వవేదంలోనే ఉంది. పాతకాలపు శస్త్రవైద్యుడు సుశ్రుతుడు, కోసిన గాయానికి కట్టు కట్టాక వేసే ధూపంలో గుగ్గులు, అగరు, సర్జరసం (గుగ్గిలం లాంటి బంక), వస, తెల్లావాలు, ఉప్పు, వేపాకు, నెయ్యి కలపమన్నాడు. దానివల్ల రాక్షసులు దూరంగా పోతారన్నాడు. రక్తం వాసనకు వచ్చి గాయాన్ని చెడగొట్టే కంటికి కనిపించనిదేదో ఉందని ఆయనకు తెలుసు. మైక్రోస్కోపు లేని కాలంలో దానికి రాక్షసులని పేరు పెట్టాడు. నాకు అందులో మూఢత్వం కనిపించదు, గొప్ప పరిశీలన కనిపిస్తుంది. పసిపిల్లల వైద్యం చెప్పిన కాశ్యప సంహితలో ధూపాల మీద ఒక అధ్యాయమే ఉంది. అత్తమ్మ తరఫున ఎవరైనా వాదిస్తే అదే చూపిస్తారు, చూపించనీ. ఆ కాలపు ఇళ్లు తాటాకువి, బోదవి. పొగ కప్పులోంచి దానంతటదే పోయేది. మనవి శ్లాబు ఇళ్లు, కిటికీలు బిగించినవి. కార్తీకంలో వాయుగుండం పట్టి వారం రోజులు ఎండ మొహం చూడకపోతే బాలింత తల ఆరడానికి, పొత్తిగుడ్డలు ఆరడానికి, దోమలు పోవడానికి గంప బోర్లించి కింద సాంబ్రాణి వేసేవాళ్లు. అప్పటికి అంతకంటే మంచి దారి లేదు. ఇప్పుడు ఫ్యాను ఉంది, దోమతెర ఉంది. నెల్లూరు దోమలు సాంబ్రాణికి లొంగుతాయని నాకైతే నమ్మకం లేదు.

ధూపం మనసును నెమ్మదింపజేస్తుందన్నది ఉత్త భ్రమ కూడా కాదు. అరబ్బు ధూపం బంకలోని ఒక పదార్థం ఎలుకల్లో బెదురు తగ్గించిందని 2008లో ఒక పరిశోధన వచ్చింది. అదే ఏడాది సింగపూర్‌లో 60 వేల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన ఇంకో పరిశోధన, ఇంట్లో రోజూ ఎక్కువకాలం ధూపం కాల్చేవాళ్లలో ముక్కు, గొంతు వంటి పై శ్వాసమార్గాల క్యాన్సర్ ముప్పు ఎక్కువని తేల్చింది. రెండూ నిజమే. గుడిలో, దర్గాలో, చర్చిలో పది నిమిషాలు పీల్చేదానికీ, మూసిన గదిలో రోజూ పీల్చేదానికీ పోలికే లేదు. గాలి సోకిందని, మనసు బాగాలేదని కసుమూరుకో, ఏఎస్ పేట దర్గాకో మనవాళ్లు కులం మతం చూడకుండా పోతారు. మొక్కు తీర్చుకుని వచ్చేవాళ్లను నేనేమీ అనను, దాంతోపాటు డాక్టరు మందు మానకపోతే చాలు. ఏడుపు తప్ప ఏ రోగమూ లేని రెండున్నర నెలల బిడ్డకు మాత్రం ఆ తిప్పలేవీ వద్దు.

అత్తమ్మకు ఎలా చెప్పాలంటే, సైన్స్ అని మొదలుపెట్టొద్దు. పొగ మానేయమని కూడా అనొద్దు, చోటు మార్చమను. సంధ్యదీపం పెట్టాక ఆమె సాంబ్రాణి వాకిట్లోనో, వసారాలోనో వేసుకోవచ్చు. ఆ సమయానికి పాప వెనక గదిలో నీ దగ్గర ఉంటుంది. పొగ పూర్తిగా పోయాక, ఒక గంట ఆగి, పాపను ఆమె ఒడిలో పెట్టు. దిష్టి తీయడం ఆమెకు ఇష్టమైతే ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు తిప్పనీ, అవి పొయ్యిలో వేసేది మాత్రం పెరట్లో. దిష్టి చుక్క పెట్టనీ, కంటికి కాటుక వద్దని చెప్పి చెంపకో అరికాలికో పెట్టించు. తలంటు పోశాక మెత్తటి గుడ్డతో తల తుడిచి ఎండపొడలో కాసేపు కూర్చునే పని ఆమెకే అప్పగించు. ఆమె చేతిలో ఉన్న పని లాగేసుకుంటే గొడవ వస్తుంది, మార్చి ఇస్తే రాదు. పాపకు మూడో నెల నిండగానే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూసిపోవాలి. ఆమెకు ముందే ఒక మాట చెప్పి ఉంచు, పాపకు పొగ ఎందుకు పట్టకూడదో ఆమె చేతనే చెప్పించు. కోడలు చెబితే ఎదురు మాటవుతుంది, ఆశమ్మ చెబితే ఊరి మాటవుతుంది. మీ ఆయన మధ్యలో నలిగిపోవడం కాదు, తల్లితో ఈ ఒక్క సంగతి ఆయనే మాట్లాడాలి.

మామయ్య మాత్రల విషయం. గుగ్గులు అంటే సాంబ్రాణీ కాదు, మన గుగ్గిలమూ కాదు. రాజస్థాన్, గుజరాత్ ఎడారుల్లో పెరిగే ముళ్లపొద బంక. విపరీతంగా గాట్లు పెట్టి ఆ మొక్కనే పోగొట్టుకునే దాకా తెచ్చాం, ఇప్పుడది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. కొలెస్ట్రాల్ తగ్గుతుందని దీనికి పెద్ద పేరు వచ్చింది. 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది, కొందరికి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. మీకు ముఖ్యమైనది వేరే ఉంది. బీపీకి, గుండెకు వాడే ప్రొప్రానొలాల్, డిల్టియాజెమ్ అనే మందులు గుగ్గులుతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టవు. మాత్ర వేసుకుంటూనే ఉంటాడు, బీపీ మాత్రం దిగదు. మామయ్య మాత్రల అట్ట తీసి పేరు చూడండి. థైరాయిడ్ మందు గానీ, రక్తం పలచబడే మందు గానీ వాడుతున్నా అంతే జాగ్రత్త. పేరూ లేబులూ లేని పొట్లంలో ఇచ్చిన మాత్రలైతే ఆలోచించే పనే లేదు, పక్కన పెట్టెయ్యండి. గుగ్గులు మీద నమ్మకముంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరకు బీపీ చీటీ తీసుకుపోవాలి. మోకాళ్లకే అయితే అందుగు బంక, శల్లకి అంటారు, కొంత నయం. 2003లో నాగపూర్‌లో 30 మంది మీద చేసిన పరీక్షలో నొప్పి, వాపు తగ్గాయి. చిన్న పరీక్షే, కానీ మంచి ఫలితమే. అదీ అడిగే వాడాలి.

మిగతా రెండు వేలు ఇవ్వొద్దు. కట్టు తప్పితే బిడ్డకు కీడని ఆయన బెదిరిస్తాడు, అదే ఆ వృత్తికి పెట్టుబడి. మీ ఆయన, పక్కింటి పెద్దమనిషి ఒకరు వాకిట్లోనే నిలబడి ‘బిడ్డను డాక్టరుకు చూపించాం, మాకిక అవసరం లేదు’ అని చెప్పి పంపితే సరిపోతుంది, వాదన పెట్టుకోవద్దు. గట్టిగా ఇబ్బంది పెడితే పోలీస్ స్టేషన్లో చెప్పండి. మంత్రతంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని ఆపడానికి 1954 నుంచే చట్టం ఉంది. ఇచ్చిన వెయ్యి గురించి ఇంట్లో ఎవరినీ దెప్పొద్దు. ముద్ద పగలగొడితే లోపల తెల్లటి పలుకులు కనిపిస్తే అది సాంబ్రాణే, శుక్రవారం వాకిట్లో వేసుకోవడానికి మీకు చాలా రోజులు వస్తుంది. టర్పెంటైన్ కంపు కొడితే పెంటలో పారెయ్యి.